ఐదు సీట్ల కారులో ఆరో మనిషి

ప్రశ్న: మాది ఖమ్మం. 2018లో క్రెటా కొన్నప్పుడు మేం ముగ్గురమే. ఇప్పుడు బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి ఆరు. పోయిన ఏడాది మామయ్యగారికి మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆయనా అత్తయ్యగారూ మా దగ్గరే ఉంటున్నారు. ఎక్కడికి వెళ్లాలన్నా ఆరుగురం. మా ఆయన స్నేహితుడు విజయవాడ ఆటోనగర్‌లో తన కారు డిక్కీలో మడత సీటు వేయించుకున్నాడు, 26 వేలు అయిందట, ఒక్క రోజులో పని. మనమూ చేయిద్దాం, పిల్లలిద్దరూ హాయిగా వెనక కూర్చుంటారు అంటున్నారు మా ఆయన. నాకెందుకో మనసొప్పడం లేదు, కారణం చెప్పమంటే మాత్రం చెప్పలేకపోతున్నాను. నిజానికి అందరం కలిసి దూరం వెళ్లేది ఏడాదికి పది పన్నెండు రోజులే. సీటు వేయించుకోవడం మంచిదా, లేక పాపని ఒళ్లో పెట్టుకుని సర్దుకుపోవడమే మేలా? దసరా సెలవుల్లో తిరుపతి వెళ్లాలి, ఈలోగా తేల్చుకోవాలి.

జవాబు: అమ్మా, ఆ సీటు వేయించకండి. పాపని ఒళ్లో పెట్టుకోవడమూ వద్దు. ముందే తేల్చి చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి వాటిలో "మంచి మేస్త్రీ దగ్గర గట్టిగా చేయించుకుంటే పర్లేదు" అనేవాళ్లే ఎక్కువ, ఆ మాట పట్టుకునే జనం షెడ్ల దాకా వెళ్తారు. మీ మనసు ఒప్పుకోకపోవడానికి గట్టి కారణాలున్నాయి, అవి రాస్తున్నాను, వీలైతే మీ ఆయనకీ చదివి వినిపించండి. ఆయన ఉద్దేశం మంచిదే. అమ్మానాన్నల్ని ఇంట్లో వదిలి వెళ్లకూడదు, అందరం ఒకే బండిలో మాట్లాడుకుంటూ వెళ్లాలి అనుకునే మనిషి మీద ఎవరికి కోపం వస్తుంది? కాకపోతే ఆ కోరికకి ఈ సీటు దారి కాదు.

ఈ అదనపు సీటు విషయంలో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది, అందులో కూర్చునేది ఎప్పుడూ పిల్లలే కావడం. మామయ్యగారి మోకాలితో అక్కడికి ఎక్కలేరు. అత్తయ్యగారిని కూర్చోమని అనలేం. మీరు కూర్చుంటే తల పైకప్పుకి తగులుతుంది. చివరికి "చిన్నపిల్లలు కదా, పట్టేస్తారు" అంటాం. అంటే బండి మొత్తంలో ఎక్కడ రక్షణ తక్కువో వెతికి, ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లని తీసుకెళ్లి అక్కడ పెడుతున్నాం.

కొన్నేళ్ల కింద ఒక మిత్రుడు ఇదే పని మీద సీట్లు కుట్టే షెడ్డుకి వెళ్తూ నన్నూ రమ్మన్నాడు. మా కంటే ముందు వచ్చిన బండికి అదే పని జరుగుతోంది, పక్కన నిలబడి మొత్తం చూశాను. పైకి చూస్తే వంక పెట్టలేం, కంపెనీ సీట్ల రంగులోనే రెక్సిన్, అదే కుట్టు, మంచి ఫోము. కింద మాత్రం సన్న ఇనుప పైపుతో వెల్డింగ్ చేసిన ఫ్రేము, దానికి నాలుగు పట్టీలు, నాలుగు బోల్టులు. డిక్కీలో కార్పెట్ ఎత్తి, నేల రేకుకి డ్రిల్లుతో చిల్లులు పెట్టి, అడుగు నుంచి రూపాయి బిళ్లంత వాషరు పెట్టి నట్టు బిగించారు. ఒక బోల్టుకి స్టెప్నీ గుంత అడ్డం వచ్చిందని దాన్ని నాలుగు వేళ్లు పక్కకి జరిపారు. బెల్టు సంగతి అడిగితే "నడుముకి పెట్టుకునేది ఉంది సార్, కావాలంటే వేస్తాను" అన్నాడు మేస్త్రీ. ఎక్కడ బిగిస్తావయ్యా అంటే అదే పైపు ఫ్రేముని చూపించాడు. ఆయన మోసగాడేం కాదు, పనిమంతుడు, ఆ కుట్టు చూస్తేనే తెలుస్తుంది. బండి ఎక్కడైనా గుద్దుకుంటే ఆ పైపు, ఆ రేకు ఏమవుతాయో ఆయనకి ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం కూడా ఎవరికీ రాలేదు. నా మిత్రుడు ఆ రోజు వెనక్కి తిరిగి వచ్చేశాడు.

లెక్క మీరే వేసి చూడండి, పెద్ద చదువు అక్కర్లేదు. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి దేన్నో ఢీకొని అర మీటరు దూరంలో ఆగిపోయిందనుకోండి, ఆ క్షణంలో లోపలి ప్రతి వస్తువూ తన బరువుకి సుమారు 20 రెట్ల బలంతో ముందుకి దూకుతుంది. బాబు 28 కిలోలు ఉంటాడనుకుంటే 560 కిలోలు. పాప 18 కిలోలైతే 360. ఆ ఇనుప సీటు ఓ 25 కిలోలుంటుంది, దానివి ఇంకో 500. అన్నీ కలిపితే 1,400 కిలోలు దాటింది. ఇదంతా ఆపాల్సింది ఒక మిల్లీమీటరుకి అటూ ఇటూ మందం ఉన్న రేకులోని నాలుగు చిల్లులు. రేకు చినిగితే సీటు, పిల్లలు అంతా కలిసి ముందు వరుసని గుద్దుతారు, ఆ వరుసలో కూర్చునేది మీ ఇంటి పెద్దవాళ్లే.

అదే కంపెనీ సీటు బెల్టు సంగతి చూడండి. మూడు చోట్ల బిగించే బెల్టుకి, భుజం మీది పట్టీని ఒక 1,350 కిలోల బరువంత బలంతో, నడుము పట్టీని మరో 1,350 కిలోల బలంతో ఒకేసారి లాగి పరీక్షిస్తారు, అప్పటికీ ఆ బిగింపు ఊడిరాకూడదు. అందుకే ఆ బోల్టు వచ్చే చోట రేకు కింద మందపాటి ఉక్కు పలక ముందే అతికించి ఉంటుంది, దాని బలం బండి అస్థిపంజరంలోకి వెళ్లేలా కట్టి ఉంటుంది. ఐదు సీట్ల బండిగా తయారైన దాంట్లో డిక్కీ నేలకి ఇదంతా ఎవరు చేస్తారు? అది సూట్‌కేసులు మోయడానికి చేసిన నేల.

ముందు నుంచి వచ్చే దెబ్బ గురించి ఇంతసేపు చెప్పాను కానీ, నాకు ఇంకా ఎక్కువ భయం వెనక నుంచి వచ్చే దెబ్బ. మా బావగారి కారు ఒకసారి సంక్రాంతి రద్దీలో టోల్‌గేట్ దగ్గర లైన్లో ఆగి ఉంది. వెనక వస్తున్న వ్యాను బ్రేకు ఆలస్యంగా తొక్కింది. అదేమంత వేగం కూడా కాదు. లోపల అందరూ బాగానే ఉన్నారు, అక్క మెడ పట్టేసిందని రెండు రోజులు పట్టీ కట్టుకుంది, అంతే. మర్నాడు షెడ్డులో కారు చూడటానికి వెళ్లాను. వెనక తలుపు లోపలికి వంగిపోయి, అద్దం మొత్తం గింజలు గింజలుగా రాలి, ఊరి నుంచి తెస్తున్న బియ్యం బస్తా పగిలి డిక్కీ నిండా బియ్యం, అద్దం ముక్కలు కలిసిపోయి ఉన్నాయి. తలుపు లోపలికి వచ్చింది ఎంత అని నేను జానతో కొలిచాను, రెండు జానలు. ఆ చోట బస్తా ఉంది కాబట్టి బియ్యం పోయింది. బండి డిజైను కూడా అలాగే ఉంటుంది, వెనక భాగం నలిగి దెబ్బని తను తీసుకోవాలి, నడిమి వరుస దాకా రానివ్వకూడదు. నలగడానికి వదిలిన చోటుని మనం పిల్లల గది చేస్తామంటే ఎలా?

మీ ఆయనతో వాదన పెట్టుకోవడం కంటే ఒక పని చేయమనండి. కారు ఇంటి ముందు ఆపి ఉన్నప్పుడు ఆయన్నే డిక్కీలోకి ఎక్కి, వెనక తలుపుకి వీపు పెట్టి, నిటారుగా ఓ పది నిమిషాలు కూర్చోమనండి. తల వెనక అద్దానికి ఎంత దూరం ఉందో మీరు బయట నుంచి చూడండి. ఏసీ గాలి అక్కడికి ఎంత వస్తుందో ఆయన చెబుతారు, ఆ బండిలో వెనక వాళ్లకి గాలి ముందు సీట్ల మధ్య నుంచే వస్తుంది, పైకప్పులో దారులు లేవు. ఇక దిగేటప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. కంపెనీ ఏడు సీట్ల బండ్లలో నడిమి సీటు మడిచి ముందుకి తోస్తే వెనక వాళ్లు పక్క తలుపు నుంచి బయటికి వస్తారు. మీ బండిలో నడిమి సీటు అలా ముందుకి పోదు. పిల్లల్ని ఎక్కించాలన్నా దించాలన్నా వెనక తలుపే, దాన్ని తెరిచేది బయట నుంచి. ఏ కాలవలోనో పడితే, పొగ వస్తే, వెనక తలుపు వంగి బిగుసుకుపోతే, ముందు పెద్దవాళ్లు కూర్చుని ఉండగా పిల్లలు ఎటు నుంచి రావాలి? ఈ ప్రశ్నకి సీటు వేసే ఏ షెడ్డులోనూ నాకు జవాబు దొరకలేదు.

కంపెనీవాళ్లకి ఈ పని అంత తేలికైతే వాళ్లే చేసేవాళ్లు కదా. హ్యుందాయ్‌వాళ్లు క్రెటాకి మూడో వరుస పెట్టి 2021లో ఆల్కజార్ తెచ్చారు, అందుకోసం ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరాన్నే 150 మిల్లీమీటర్లు పెంచాల్సి వచ్చింది. టాటావాళ్లు హారియర్‌ని ఏడు సీట్ల సఫారీగా మార్చినప్పుడు చక్రాల దూరం అలాగే ఉంచినా, వెనక భాగం 63 మిల్లీమీటర్లు పొడిగించి పైకప్పుని ఎత్తు చేశారు. బండి తయారుచేసినవాళ్లే ఇంత మార్చాక గానీ వేయని సీటు మనకి ఒక్క రోజులో, బండిలో ఏమీ మార్చకుండా వచ్చేస్తోందంటే, ఆ మిగిల్చినదంతా ఎక్కడి నుంచి మిగిలిందో ఆలోచించాలి.

సామాన్ల సంగతి చెప్పక్కర్లేదనుకుంటా. డిక్కీలో సీటు వస్తే పెట్టెలన్నీ పైన క్యారియర్ మీదికి పోతాయి, వెనక చక్రాల అవతల బరువు, నెత్తిన బరువు, ఘాట్ రోడ్డు మలుపులో బండి ఊగడం మీకే తెలుస్తుంది.

ఇప్పుడు చట్టం. మీ ఆర్‌సీలో సీటింగ్ కెపాసిటీ అన్నచోట డ్రైవర్‌తో కలిపి 5 అని ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీకీ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో, అనుమతి లేని ఇలాంటి మార్పుకి ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ వేయొచ్చు. "ఎవరూ ఆపరు సార్" అని షెడ్డులో చెబుతారు, రోడ్డు మీద ఆపకపోవచ్చు కూడా. నేను జరిమానా గురించి పెద్దగా భయపెట్టదలచుకోలేదు.

భయపడాల్సింది ఇన్సూరెన్స్ దగ్గర. పాలసీ తీసుకున్నది ఐదుగురికి, బండి కంపెనీ నుంచి వచ్చిన రూపంలో ఉందన్న నమ్మకం మీద. చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ రోజున మెడకి చుట్టుకుంటుంది, సర్వేయరు వచ్చి మొదట చూసేవాటిలో ఇలాంటి పనులే ఉంటాయి. 42 మందికి బీమా ఉన్న బస్సులో అంతకంటే చాలా ఎక్కువ మంది ఎక్కి ప్రమాదం జరిగిన కేసులో, బీమా కంపెనీ బాధ్యత పాలసీలో ఉన్న సంఖ్య వరకే అని 2007లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అది బస్సు, మీది సొంత కారు, కానీ పాలసీలో ఎంతమంది అని రాసుందో అంతవరకే అన్న సూత్రం ఆలోచించాల్సినది. ఆరో మనిషికి, ఏడో మనిషికి ఏదైనా అయితే ఆ భారం మీ ఇంటి మీదే పడొచ్చు.

ఇక పాపని ఒళ్లో పెట్టుకోవడం. అమ్మ చేతుల్లో ఉంటే భద్రంగా ఉంటుందని మనందరికీ అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. కానీ పైన వేసిన లెక్క ఇక్కడా అదే, 18 కిలోల పాప ఆ క్షణంలో 360 కిలోలు, ఏ తల్లి చేతులూ ఆపలేవు. మీరు బెల్టు పెట్టుకోకుండా పాపని పట్టుకుంటే మీ బరువు కూడా పాప మీదే పడుతుంది. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు చుట్టుకోవడం ఇంకా ప్రమాదం, బెల్టుకీ మీకూ మధ్య పాప నలుగుతుంది. 2022 సెప్టెంబరులో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ గారు కారు ప్రమాదంలో పోయింది వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చునే, అది చాలా ఖరీదైన, అన్ని రక్షణలూ ఉన్న కారు. ఆరేళ్ల పిల్లకైతే బెల్టు ఒక్కటే కూడా చాలదు, భుజం పట్టీ మెడకి అడ్డం పడుతుంది. కింద బూస్టర్ సీటు వేస్తే ఎత్తు వచ్చి పట్టీ భుజం మీదుగా సరిగ్గా కూర్చుంటుంది. ఆ 26 వేలలో కొంచెం తీసి ముందు ఇది కొనండి, రోజూ స్కూలుకి వెళ్లేటప్పుడు కూడా పనికొస్తుంది. బాబు ఎత్తు నాలుగున్నర అడుగులు దాటకపోతే వాడికీ ఒకటి.

మరి ఆరుగురూ ఎలా వెళ్లాలి అంటారా? మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది, ఏడాదికి పది పన్నెండు రోజులు. మిగతా మూడు వందల యాభై రోజులూ మీ కారు మీకు చాలుతోంది. ఆ పన్నెండు రోజుల కోసం బండికి చిల్లులు పెట్టి, ఆర్‌సీ, ఇన్సూరెన్స్ రెండూ చిక్కుల్లో పడేసుకుని, అమ్మేటప్పుడు రేటు తగ్గించుకోవడం ఎందుకు? ఆ 26 వేలు పక్కన పెట్టి, అందరూ కదిలే రోజుల్లో డ్రైవర్‌తో సహా పెద్ద బండి అద్దెకి మాట్లాడుకోండి. డ్రైవర్‌తో కలిపి ఏడుగురవుతారు, కాబట్టి బండి కచ్చితంగా ఏడు సీట్లదే ఉండాలి. మీ ఆయనకీ ఆ రోజు స్టీరింగ్ బాధ తప్పి వాళ్ల నాన్న పక్కన కూర్చునే వీలు దొరుకుతుంది.

తిరుపతికైతే నేను రైలే చెబుతాను. ఖమ్మం నుంచి నేరుగా రైళ్లున్నాయి. ఆపరేషన్ అయిన మోకాలు అన్ని గంటలు మడిచి కూర్చోవడం కంటే పడుకుని వెళ్లడం మంచిది. అరవై దాటిన మగవాళ్లకి, 45 దాటిన ఆడవాళ్లకి కింది బెర్తు కోటా ఉంటుంది, బుక్ చేసేటప్పుడు అది ఎంచుకోండి. సెలవుల సీజను కాబట్టి ఈ ఉత్తరం చదివిన రోజే చూడండి.

ఒకవేళ ముందు ముందు అందరూ కలిసి వెళ్లడం ఎక్కువయ్యేలా ఉంటే, నెలకి రెండు మూడుసార్లు అవుతుంటే, అప్పుడు క్రెటా అమ్మి కంపెనీ ఏడు సీట్ల బండి తీసుకోవడం మంచి ఆలోచనే. పేరు చూసి, పెద్దగా కనబడుతోందని తీసుకోకండి. మూడు వరుసలూ వేసి ఉంటే ఎర్టిగాలో 209 లీటర్ల డిక్కీ మిగులుతుంది, అంతకంటే చాలా పెద్దదిగా కనిపించే సఫారీలో మిగిలేది 73 లీటర్లే. మీ క్రెటాలో ఇప్పుడున్నది 402. అంటే మూడు వరుసలూ వేస్తే చాలా ఏడు సీట్ల బండ్లలో ఆరుగురి పెట్టెలూ పట్టవు, ఇది ముందే తెలిసి ఉండాలి. సఫారీకి ప్రమాద పరీక్షల్లో ఐదు నక్షత్రాలు వచ్చాయి, అది మంచి విషయమే. కాకపోతే ఆ పరీక్షల్లో పెద్ద బొమ్మలు ముందు సీట్లలో, పిల్లల బొమ్మలు రెండో వరుసలో పెడతారు, మూడో వరుసలో ఎవరినీ పెట్టరు. అందుకని కంపెనీ సీటైనా సరే పాపని రెండో వరుసలోనే కూర్చోబెట్టండి, మూడో వరుస బాబుకీ మీకూ.

షోరూముకి అందరూ వెళ్లండి. మామయ్యగారు రెండో వరుసలోకి తనంతట తను ఎక్కి దిగగలరా చూడండి, ఆ ఒక్క పరీక్షతోనే ఎత్తైన బండ్లు సగం పోతాయి. మూడో వరుసలో బాబుని కాసేపు కూర్చోబెట్టి, మూడు చోట్ల బిగించే బెల్టు, తలకి ఆనుకునే దిండు ఉన్నాయా, తలకీ వెనక అద్దానికీ మధ్య ఎంత చోటుందో చేత్తో కొలవండి. బొలెరో లాంటి వాటిలో వెనక ఎదురెదురుగా పక్కకి తిరిగి ఉండే సీట్లు కంపెనీవే అయినా వాటిలో పిల్లల్ని పెట్టొద్దు, పక్కకి తిరిగి కూర్చున్న మనిషిని బెల్టు కూడా సరిగ్గా కాపాడలేదు, పైగా చాలావాటిలో బెల్టే ఉండదు. సెకండ్ హ్యాండ్ అయితే ఆర్‌సీలో సీట్ల సంఖ్య 7 ఉందో లేదో ముందు చూసుకుని, డిక్కీ కార్పెట్ ఎత్తి చూడండి. కంపెనీ బోల్టుల చుట్టూ రంగు చెక్కుచెదరదు. షెడ్డులో వేసినదైతే చిల్లు అంచున తుప్పు, ఇనుప రజను కనబడతాయి, అలాంటి బండిని ఎంత తక్కువకి ఇచ్చినా వదిలేయండి.

మీ ఆయన స్నేహితుడికి కూడా ఒక మాట చెప్పమనండి. సీటు తీయించేసి, ఆ చిల్లులకి తుప్పు పట్టకుండా సీలెంట్ వేయించుకుంటే సరిపోతుంది, ఒక పూట పని. తీసేదాకా కనీసం అందులో పిల్లల్ని ఎక్కించొద్దని.

దసరాకి రైలు దొరక్క అద్దె బండే మాట్లాడుకోవాల్సి వస్తే, అడ్వాన్స్ ఇచ్చే ముందు బండి ఇంటికి తెప్పించి మూడో వరుసలో బెల్టులు బయటికి లాగి చూడండి. చాలా అద్దె బండ్లలో సీటు కవర్ల కింద కుట్టేసి ఉంటాయి. లేకపోతే "అన్నా, పిల్లలున్నారు, కవర్ తీసి బెల్టులు పైకి తీసుకురా, అప్పుడే వస్తాం" అని చెప్పండి, తెస్తారు.